స్లిప్పులో 31 శాతం వస్తే: ఒంట్లో కొవ్వు లెక్కను ఎంతవరకు నమ్మాలి?

హైదరాబాద్‌లో ఒంట్లో కొవ్వు ఎంతుందో చూపించుకోవడం ఇప్పుడు బీపీ చూపించుకున్నంత తేలిక. వాకింగ్ పార్కు గేటు బయట బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి "అంకుల్, ఒక్క నిమిషం. చెప్పులు విప్పి ఎక్కండి చాలు, ఫ్రీ" అంటుంది. కూకట్‌పల్లిలో జిమ్ములో చేరితే మొదటి రోజే స్లిప్పు చేతిలో పెడతారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల హెల్త్ క్యాంపుల్లో రక్తం తీసే కుర్చీ పక్కనే ఈ కొవ్వు కొలిచే మెషీన్ ఉంటుంది. స్లిప్పు మీద బాడీ ఫ్యాట్ 31 శాతం, విసరల్ ఫ్యాట్ (పేగుల చుట్టూ ఉండే కొవ్వు) 12, మెటబాలిక్ ఏజ్ (ఒంటి తీరును బట్టి కట్టే వయసు) 51 అని వస్తుంది. ఆ మనిషి వయసేమో నలభై రెండు. ఇక ఆ రోజు అన్నం సయించదు.

దిగులు పడాల్సిన విషయం అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. షుగర్, బీపీ, ఫ్యాటీ లివర్, గుండెజబ్బు లాంటివి ఎవరికి రాబోతున్నాయో ముందే పసిగట్టాలంటే ఒంట్లో కొవ్వు ఎంతుందన్నది పనికొచ్చే ప్రశ్నే. కానీ అది ఎక్కడ చేరిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. మెషీన్ మొదటిదానికి ఓ మోస్తరు జవాబు చెబుతుంది. రెండోదానికి చెప్పలేదు, చెప్పినట్టు కనిపిస్తుంది అంతే. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు బీఎంఐ సంగతి చూద్దాం, ఈ మెషీన్లకు గిరాకీ వచ్చిందే దాని లోపాల వల్ల. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో ఒకసారి భాగించి, వచ్చినదాన్ని మళ్లీ ఎత్తుతో భాగిస్తే బీఎంఐ. 1830ల్లో బెల్జియం గణాంకవేత్త అడోల్ఫ్ కెట్లే ఈ లెక్క కట్టింది జబ్బులు పట్టుకోవడానికి కాదు, జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చడానికి. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. కండకూ కొవ్వుకూ తేడా ఆ లెక్కకు తెలియదు. ఇది కొత్తగా కనిపెట్టిన లోపమేమీ కాదు. 1942లోనే అమెరికా నేవీ డాక్టర్ ఆల్బర్ట్ బెంకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను నీళ్లలో ముంచి తూచాడు. బరువెక్కువని సైన్యం పనికిరారన్నవాళ్లలో ఎక్కువమందికి ఒంట్లో కొవ్వు తక్కువే ఉందని, ఆ బరువంతా కండేనని తేలింది.

మన దగ్గర ఇదే లోపం తిరగబడి కనిపిస్తుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఓ ఫొటో వచ్చింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. "సన్నగా రివటలా ఉంటాడు, వాడికి షుగరేంటండీ" అని మన ఇళ్లలో ఆశ్చర్యపోతామే, దానికి జవాబు ఆ ఫొటోలో ఉంది. కాళ్లూ చేతులూ సన్నం, కండ తక్కువ, ఉన్న కొవ్వంతా పొట్ట చుట్టూ. ఈ లెక్కనే 2009లో మన దేశ నిపుణులు బీఎంఐ గీతను కిందికి దించారు: 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీతలు 25, 30.

గీత దించినా కొందరు తప్పించుకుంటూనే ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2023లో వెలువడింది, దాని ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో బీఎంఐ 25 దాటినవాళ్లు 28.6 శాతం. నడుము కొలతతో చూస్తే పొట్ట ఊబకాయం ఉన్నవాళ్లు 39.5 శాతం. అంటే బీఎంఐ ఊబకాయం కాదని పంపేసినవాళ్లలో, మొత్తం జనాభా లెక్కన చూసుకున్నా, కనీసం పదిమందిలో ఒకరు పొట్ట ఊబకాయంతో బయటికెళ్తున్నారు. స్క్రీనింగ్ అనే మాటకు అర్థమే ముందుగా పట్టుకోవడం కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

మరి పొట్ట కొవ్వులో అంత ప్రత్యేకత ఏముంది? చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదుల దగ్గర చేరే కొవ్వు చాలావరకు దాని మానాన అది ఉంటుంది. తిన్నది ఎక్కువైతే ఒళ్లు ముందు అక్కడే దాచుకుంటుంది. ఆ చోటు ఎంతన్నది మనిషి మనిషికీ మారుతుంది, మన జాతిలో అది కాస్త తక్కువనే పరిశోధకుల అంచనా. గాదె నిండాక వడ్లు వాకిట్లో పోసినట్టు, ఆ చోటు చాలనప్పుడు కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో, కండరాల్లో చేరుతుంది. పేగుల చుట్టూ ఉన్న కొవ్వులోంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు పోర్టల్ సిర అనే రక్తనాళం ద్వారా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కాలేయంలో కొవ్వు పెరిగితే అది ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. మనం నిద్రలో ఉన్నా గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదికే తిని పడుకున్నా పొద్దున పరగడుపు షుగర్ 110 వస్తోందని వాపోయేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. ఆ కాలేయమే రక్తంలోకి ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును ఎక్కువగా పంపుతుంది, దాంతో మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గుతుంది. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ పైకి, హెచ్‌డీఎల్ కిందికి ఉన్న జోడీ మన ఊళ్లో అంత మామూలైపోవడానికి వెనక ఈ వరసే ఉంది.

కొవ్వు పరిమాణమే అసలు దోషి అయితే ఒంట్లో కొవ్వు లేనివాళ్లకు ఈ జబ్బులు రాకూడదు. లైపోడిస్ట్రఫీ అని ఒక అరుదైన జబ్బుంది. అది ఉన్నవాళ్లకు చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు, నరాలు తేలి కనిపిస్తారు. వాళ్లకే తీవ్రమైన షుగరు, ఫ్యాటీ లివరు వస్తాయి. కొవ్వు దాచుకోవడానికి చోటు లేకపోవడమే వాళ్ల జబ్బు.

హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే దీనికి మరో ఆధారం దొరికింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, మనం ఎన్ఐఎన్ అనేది, 1987-90 మధ్య 29 ఊళ్లలో ఒక ప్రయత్నం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం అందింది, మిగతా ఊళ్లకు అప్పటికి అందలేదు. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రెండు రకాల ఊళ్ల పిల్లల్లోనూ శరీర కూర్పు దాదాపు ఒకేలా ఉంది. కానీ కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ ఆహారం అందినవాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఒంట్లో ఒకే మోతాదు కొవ్వున్న ఇద్దరికి ఒకే ముప్పు ఉంటుందనుకోవడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక మెషీన్ దగ్గరికి వద్దాం. దాన్ని బయో ఇంపెడెన్స్ అంటారు. పాదాల కింద ఉన్న పలకల్లోంచి తెలియనంత తక్కువ కరెంటు పంపిస్తుంది. కండలో నీరు, లవణాలు ఎక్కువ కాబట్టి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఎంత అడ్డు తగిలిందో మెషీన్ కొలుస్తుంది. అది నిజంగా కొలిచేది అంతే. అక్కడినుంచి స్లిప్పులో కనిపించేదంతా సూత్రాలతో కట్టిన అంచనా. ఆ సూత్రాల్లో మీరు చెప్పిన వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదీ కలుస్తాయి. నమ్మకం లేకపోతే ఇంట్లో కొనుక్కున్న మెషీన్ మీద చేసి చూడండి: యాప్‌లో వయసు పదేళ్లు తగ్గించి మళ్లీ ఎక్కండి, లేదా 'అథ్లెట్ మోడ్' పెట్టి ఎక్కండి. ఒళ్లు అదే, నిమిషం కూడా గడవలేదు, కొవ్వు శాతం మారిపోవచ్చు. మెటబాలిక్ ఏజ్ అన్నది ఇంకో మెట్టు పైన కట్టిన అంచనా. దాని గురించి నిద్ర పాడుచేసుకోవక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యమైన ఇబ్బంది ఇంకోటుంది, సేల్స్‌వాళ్లు దాన్ని ఎత్తరు. సన్నటి తీగ కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది, లావుపాటిది తక్కువ. మన కాళ్లూ చేతులూ సన్నం, మొండెం లావు. అందుకే ఒంటి బరువులో దాదాపు సగం మొండెంలోనే ఉన్నా, మెషీన్‌కు తగిలే మొత్తం అడ్డులో దాని వాటా సుమారు పదో వంతే. పైగా పాదాల పలకలు మాత్రమే ఉన్న మెషీన్‌లో కరెంటు ఒక కాల్లోంచి ఎక్కి రెండో కాల్లోంచి దిగిపోతుంది, పొట్ట పైభాగాన్ని దాదాపు పలకరించదు. ముప్పు ఎక్కడుందో అక్కడే దాని చూపు ఆనదన్నమాట. చేతులకు కూడా పిడులున్న పెద్ద మెషీన్లు దీనికన్నా నయం. అయినా స్లిప్పులో 'విసరల్ ఫ్యాట్ 12' అన్నది పేగుల చుట్టూ చూసి చెప్పిన సంఖ్య కాదు.

నీళ్ల సంగతి సరేసరి. మే నెలలో కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి చెమటోడ్చి వచ్చి మెషీన్ ఎక్కితే ఒంట్లో నీరు తగ్గి ఒక లెక్క, రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఎక్కితే ఇంకో లెక్క. నెలసరి ముందు ఒంటికి నీరు పట్టినా లెక్క మారుతుంది. పార్కు గేటు దగ్గర, అదీ నడక అయ్యాక కొలవడమంటే ఈ పరీక్షకు పనికిరాని సమయం ఏరి కోరి పెట్టుకున్నట్టే. ఆ బల్ల మీద పక్కనే బరువు తగ్గడానికంటూ అమ్మే పౌడర్ డబ్బాలు పేర్చి ఉంటే సమయం అలా ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

మెరుగైన పద్ధతులు లేకపోలేదు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ రెండు శక్తుల ఎక్స్‌రేలతో ఎముక, కండ, కొవ్వు వేరుచేసి చూపిస్తుంది, రేడియేషన్ చాలా స్వల్పం. పేగుల చుట్టూ కొవ్వును కళ్లారా చూడాలంటే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ. పరిశోధనలకు ఇవే ప్రమాణం. కోటి మంది ఉన్న ఊళ్లో స్క్రీనింగ్‌కు మాత్రం ఇవి కుదిరే పని కాదు. చర్మాన్ని మడిచి పట్టుకుని కొలిచే కాలిపర్ ఉంది గానీ, పట్టుకునే చెయ్యి మారితే కొలత మారుతుంది.

ఇంత చెప్పాక మెషీన్ వృథా అనుకోకండి. 2025లో ఆనల్స్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అనే పత్రికలో అమెరికా అధ్యయనం ఒకటి వచ్చింది. 20 నుంచి 49 ఏళ్ల లోపు 4252 మందికి 1999-2004 మధ్య ఇదే పద్ధతిలో కొవ్వు కొలిచారు. తర్వాత 15 ఏళ్లలో ఎవరు పోయారో చూశారు. బీఎంఐ ఎక్కువున్నా దానికీ మరణాలకూ లెక్కించదగ్గ సంబంధం కనిపించలేదు. కొవ్వు శాతం ఎక్కువున్నవాళ్లలో ఏ కారణంగానైనా చనిపోయే ముప్పు 78 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు మూడున్నర రెట్లు. నడుము కొలత కూడా ముప్పును పట్టించింది. అయితే వాళ్లు 'ఎక్కువ' అన్న గీత మగవాళ్లకు 27 శాతం, ఆడవాళ్లకు 44. అవి అమెరికా గీతలు. మన దగ్గర మామూలుగా వాడేవి మగవాళ్లకు 25, ఆడవాళ్లకు 30. ఇన్ని రకాల గీతలు ఉండటమే ఈ కొలత ఇంకా స్థిరపడలేదనడానికి గుర్తు. మన స్లిప్పులో 31 మగవాడికి వస్తే ఒక మాట, ఆడమనిషికి వస్తే వేరే మాట. ఆడవాళ్లకు సహజంగానే కొవ్వు ఎక్కువ కాబట్టి, ఆమె గీత మీదే నిలబడి ఉన్నట్టు.

2025 జనవరిలో లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ కూడా ఈ దారిలోనే మాట్లాడింది. బీఎంఐ ఒక్కదాన్నే పట్టుకుని ఊబకాయమని ముద్ర వేయకండి, నడుము కొలతతో గానీ నేరుగా కొవ్వు కొలిచి గానీ ఖాయం చేసుకోండి, ఆపైన ఆ కొవ్వు వల్ల అవయవాలకు ఇబ్బంది మొదలైందో లేదో వేరుగా చూడండి అంది. నాకు ఇందులో నచ్చింది చివరి మాట. కొవ్వుండటం వేరు, అది చెరుపు చేయడం మొదలుపెట్టడం వేరు.

చివరికి చేతిలో ఉండాల్సింది ముప్పై రూపాయల టేపు. దాన్ని ఎలా పెట్టాలో తెలిస్తే చాలు. చొక్కా ఎత్తి, పక్కన చివరి పక్కటెముక ఎక్కడ ముగిసిందో వేలితో నొక్కి చూడాలి. తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూడాలి. ఆ రెండింటి మధ్య సగంలో టేపు నేలకు సమానంగా చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చదవాలి, పొట్ట లోపలికి లాక్కుని కాదు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. మనలో చాలామంది ప్యాంటు బొజ్జ కిందికి కడతారు, 34 సైజు వేసుకునే మనిషి అసలు నడుము 40 అంగుళాలు ఉండొచ్చు. క్యాంపుల్లో ఆడవాళ్లకు చీర కుచ్చిళ్ల మీంచి కొలిచేస్తారు, అది ఎక్కువ చూపిస్తుంది. తెర కట్టి ఒక నర్సమ్మను పెడితే తీరే సమస్య అది. ఏళ్ల తరబడి వాడిన గుడ్డ టేపు సాగి తక్కువ చూపిస్తుంది, అదీ గమనించాలి.

మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే దక్షిణాసియావాళ్లకు ముప్పు అని అంతర్జాతీయ గీత. ఇంకా తేలిక లెక్క: నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదు. బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ 2022 నుంచి జనానికి ఇదే చెబుతోంది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు ఉన్న ఒకాయన్ని ఊహించుకోండి. బీఎంఐ 22.8, ఏ చార్టులో చూసినా మామూలే. నడుము 93. ఎత్తులో సగమంటే 85, ఎనిమిది సెంటీమీటర్లు పైనున్నాడు. ఆయన పక్కన జిమ్ముకెళ్లే కుర్రాడు, 178 సెంటీమీటర్లు, 86 కిలోలు, బీఎంఐ 27, నడుము 84. బరువు తగ్గమని ఉచిత సలహాలు వినేది ఈ రెండోవాడు.

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ తయారుచేసిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్‌లో కొవ్వు శాతం ఊసే లేదు. వయసు, నడుము, ఒళ్లు కదిలించడం, అమ్మానాన్నలకు షుగరుందా అన్న నాలుగే ప్రశ్నలు. పైన చెప్పినాయనకు 42 ఏళ్లనుకుంటే 20 మార్కులు, నడుముకు 10, కుర్చీ ఉద్యోగం, వ్యాయామం లేదు కాబట్టి 30, అమ్మకు షుగర్ ఉంటే 10. మొత్తం 70. అరవై గానీ ఆపైన గానీ వస్తే ముప్పు ఎక్కువని లెక్క. రక్తం చుక్క తీయకుండా ఇంతవరకు రావచ్చు. ఆశా కార్యకర్తలు ముప్పై ఏళ్లు నిండినవాళ్ల కోసం ఇంటింటికీ తెచ్చే ఫారంలోనూ నడుము కొలతే ఉంటుంది. ఆమె టేపు తీస్తే "ఇప్పుడు తీరిక లేదమ్మా" అని పంపేయకండి.

నడుము గీత దాటాక చేయాల్సింది కొవ్వును ఇంకా కచ్చితంగా కొలవడం కాదు, అది లోపల ఏం చేస్తోందో చూడటం. షుగర్, గుండెజబ్బు ముప్పు గుర్తులు కలిసి కనిపించే స్థితిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, దానికి అయిదు గుర్తులు: నడుము, ట్రైగ్లిజరైడ్స్ 150 పైన, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40 లోపు ఆడవాళ్లకు 50 లోపు, బీపీ 130/85 పైన, పరగడుపు షుగర్ 100 పైన. ఏ మూడున్నా ఉన్నట్టే. వీటికి తోడు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 290 మందికి, అంటే 84 శాతానికి, కాలేయంలో కొవ్వు కనిపించింది. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నది 118 మందికే. 345 మందిని చూసి ఐటీ కారిడార్ అంతటికీ 84 శాతం అంటగట్టడం సరికాదు, పేపర్ల హెడ్డింగుల్లో జరిగింది మాత్రం అదే. ఆ రెండు అంకెల మధ్య దూరం మాత్రం గమనించదగ్గది. కాలేయంలో కొవ్వు ముందు చేరుతుంది, రక్తపరీక్షలు తర్వాత చెడతాయి. ఆ మధ్యలో దొరికే కాలమే స్క్రీనింగ్‌కు అసలు పని.

కాలేయంలో కొవ్వుందని స్కాన్‌లో తేలితే, అది మచ్చలు కట్టే దశకు వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి ఫిబ్-4 అనే లెక్కుంది. వయసు, కాలేయ పరీక్షలో వచ్చే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, రక్తంలో ప్లేట్‌లెట్లు కలిపి కడతారు, ఇవి మామూలు రిపోర్టులోనే ఉంటాయి. 1.3 లోపు వస్తే చాలామందికి భయం లేదు. డబ్బు పెట్టలేమనుకునేవాళ్లు దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లొచ్చు, బీపీ చూస్తారు, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ అనే ప్రభుత్వ పథకం ద్వారా ఉచితంగానే చేయిస్తారు.

మరి ఆ మెషీన్‌ను ఏం చేసుకోవాలి? ముప్పును పట్టుకోవడానికి కన్నా, మార్పును గమనించడానికి అది బాగా పనికొస్తుంది. అదే మెషీన్, పొద్దున్నే పరగడుపున, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, నెలకోసారి. ఒక్కసారి వచ్చిన అంకె తప్పయినా, దాదాపు అదే తప్పు ప్రతిసారీ ఉంటుంది కాబట్టి పెరుగుతోందా తగ్గుతోందా అన్నది తెలుస్తుంది. 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చాక ఈ ఉపయోగం పెరిగింది. వాటితో అయినా, పస్తులతో అయినా, తగ్గే బరువులో కొంత కండ కూడా పోతుంది. అసలే కండ తక్కువున్న జాతి మనది. బరువు ఆరు కిలోలు తగ్గిందని మిఠాయి పంచే ముందు స్లిప్పులో కండ ఎంత తగ్గిందో, నడుము ఎన్ని సెంటీమీటర్లు తగ్గిందో కలిపి చూసుకోవాలి. నడుము కదలకుండా కండ మాత్రం పడిపోతుంటే ఆ కాగితం డాక్టరుకు చూపించి, పప్పు, గుడ్డు, పెరుగు లాంటివాటి సంగతీ, బరువులెత్తే వ్యాయామం సంగతీ మాట్లాడాలి. ఒంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ మెషీన్ అసలు ఎక్కకూడదు, గర్భిణులు కూడా ఎక్కకపోవడమే మంచిది. పార్కు గేటు దగ్గర ఆ ప్రశ్న ఎవరూ అడగరు, మనమే చెప్పాలి.